గడప దగ్గర తేలే సంగతి

ఉగాది నాడు పొద్దున్నే దేవుని కడప గుడి ముందు కాసేపు నిలబడండి. లక్ష్మీ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చిన వరుసలో బురఖా వేసుకున్న ఆడవాళ్లు, టోపీ పెట్టుకున్న ముసలాయనలు, కొబ్బరికాయ పట్టుకున్న వాళ్ల పిల్లలు కనిపిస్తారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి మాకు అల్లుడు అంటారు వాళ్లు. పండగ పూట అల్లుడింటికి పోయి రావడం వరస. దీనికి ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు, ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు.

కడప దాటి అనంతపురం, కర్నూలు వైపు పోయినా ఇదే మాట. హుస్సేనప్పా అని పిలిస్తే పొలంలో నుంచి ఒక హిందూ రైతు పలుకుతాడు. కుళ్లాయప్ప, మస్తానమ్మ, దస్తగిరి, ఫకీరమ్మ, ఈ పేర్లు విని మతం చెప్పగలిగినవాళ్లు సీమలో లేరు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు లేచే రోజున అగ్నిగుండం చుట్టూ చేరేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. మంత్రాలయం మఠానికి ఆ చోటు ఇచ్చింది ఆదోని నవాబు అని మఠం వాళ్లే చెబుతారు. బ్రహ్మంగారి శిష్యుల్లో మొదటి పేరు సిద్దయ్యది, దూదేకుల ఇంటి బిడ్డ.

అందుకే మా వైపు చాలామంది ఒక మాట అంటారు. "మేము తరతరాలుగా కలిసే ఉన్నాం, ఈ లౌకికవాదం పాఠాలు మాకెందుకు?" నేను పెరిగింది ఆ మాట అనేవాళ్ల మధ్యే. ఆ మాటలో నిజం ఉంది. కానీ అది సగమే. కలిసి ఉండడం వేరు, ప్రజాస్వామ్యం వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్లనే భక్తికీ ప్రజాస్వామ్యానికీ ఏమిటి సంబంధం అన్న ప్రశ్న ఇంత చిక్కుపడింది. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో ఆ చిక్కు విప్పడం మొదలుపెడతాను.

నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఊళ్లో గంగమ్మ జాతరకు చందా వసూలు పని ఆ ఏడు మా నాయన మీద పడింది. ఇంటికింత అని పెద్దమనుషులు కట్టారు. నాయన పట్టీ రాస్తుంటే నేను పక్కన బ్యాటరీ లైటు పట్టుకుని నిలబడ్డాను. ఊరి చివర రెండిళ్లవాళ్లు అప్పటికి కొన్నేళ్లుగా చర్చికి పోతున్నారు. "మేము ఇయ్యలేమన్నా, మా దేవునికి ఇది సరిపోదు" అన్నారు మర్యాదగానే. ఆ రాత్రి రచ్చబండ దగ్గర ఒకాయన లేచి, "జాతర అక్కర్లేదు గానీ ఊరి బోరు నీళ్లు మాత్రం కావాల్నా వాళ్లకి? కొళాయి కట్టేస్తే వాళ్లే దారికొస్తారు" అన్నాడు. పదిమంది తలూపారు. మా నాయన పట్టీ మూసి, "జాతర మనది. బోరు పంచాయతీది. పంచాయతీ అందరిదీ" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. కొళాయి కట్టేయలేదు.

జాతర మనది, బోరు అందరిదీ. ఉదారవాద ప్రజాస్వామ్యం అని పుస్తకాల్లో రాసేదాన్ని ఇంతకన్నా పొట్టిగా చెప్పడం నాకు చేతకాదు. ఆ రాత్రి ఓటు పెట్టి ఉంటే కొళాయి కట్టేయాలన్నవాళ్లే గెలిచేవాళ్లు. ఎక్కువమంది మాట చెల్లడం ప్రజాస్వామ్యంలో ఒక కాలు. ఎక్కువమందికి కూడా చెయ్యిపెట్టే హక్కు లేనివి కొన్ని ఉంటాయన్నది రెండో కాలు. ఉదారవాదం అనే మాట ఆ రెండో కాలిది. మతం ప్రచారానికంటూ ఎవరి దగ్గరా పన్ను వసూలు చేయకూడదని మన రాజ్యాంగం 27వ అధికరణంలో ఉంది. అది రాజ్యాన్ని కట్టడి చేసేది, ఊరి చందాకు వర్తించదు. అయినా దాని వెనకున్న న్యాయం మా నాయన చెప్పినదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఓటుకు పెట్టకూడనివి కొన్ని ఉంటాయన్న మాట మొదట అన్నది భక్తులే. దేవుడి ముందు తలవంచేవాడు రాజు చెప్పాడని ఆ దేవుణ్ణి మార్చుకోడు. ఐరోపాలో కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు తరాల తరబడి కొట్టుకుని, 1648లో వెస్ట్‌ఫాలియా సంధితో ఒక కొలిక్కి వచ్చారు. ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ మత సహనం మీద రాసి 1689లో అచ్చయిన లేఖలో ముఖ్యమైన వాదన నాస్తికుడిది కాదు, విశ్వాసిదే: కత్తి చూపించి పెట్టించిన దండం దేవుడికి చేరదు, కాబట్టి ఆ పని రాజు చేయడం దండగ. అదే లాక్ దేవుడు లేడనేవాళ్లను మాత్రం సహించనక్కర్లేదన్నాడు. తలుపు తెరిచినవాడే సగం మూసిపెట్టాడన్నమాట. ఆ సగమూ తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. అమెరికా 1791లో తన రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణతో ప్రభుత్వానికి మతం ఉండకూడదంది. ఫ్రాన్సు 1905లో చర్చినీ రాజ్యాన్నీ చట్టం చేసి విడగొట్టింది.

అది అక్కడి కథ. మన దగ్గర కథ ఒక బండమీద ఉంది.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, గుత్తికి దగ్గర్లో, ఎర్రగుడి అని ఒక ఊరు. అక్కడి గుట్టరాళ్లమీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన బ్రాహ్మీ శాసనాలున్నాయి. ఆయన పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ, చిన్న శాసనాలూ ఒకేచోట దొరికిన తావు అది. పద్నాలుగింటిలో పన్నెండోది మతాల గురించి. తన మతాన్ని పొగడడానికి ఇతరుల మతాన్ని కించపరిచేవాడు, అది భక్తితోనే చేసినా సరే, తన మతానికే ఎక్కువ చెరుపు చేస్తాడు అంటాడు అశోకుడు. దానధర్మాల కన్నా ముఖ్యం అన్ని మతాల్లోనూ సారం పెరగడమట. ఆ సారానికి మూలం నోరు అదుపులో పెట్టుకోవడమట.

ఆ శాసనంలో మతానికి వాడిన మాట పాసండ. ఏ పంథానికైనా అదే మాట, మంచిచెడ్డల ముద్ర లేదు. తర్వాత కాలంలో మన భాషల్లో ఆ మాటే పాషండుడు అయింది. ఇప్పుడు నిఘంటువు తీస్తే వేదాలను ఒప్పనివాడు, ధర్మం తప్పినవాడు అని కనిపిస్తుంది. అందరికీ సమానంగా వాడిన పేరు ఎదుటివాడికి తిట్టుగా మారింది. చట్టాల చరిత్ర చదివితే అర్థం కానిది నాకు ఈ ఒక్క మాట మారిన తీరులో అర్థమైంది. సహనం వారసత్వంగా వచ్చినంత మాత్రాన నిలబడదు.

ఎర్రగుడి శాసనానికి ఇంకో పరిమితి కూడా ఉంది. అది రాజుగారి మంచితనం. రాజు మారితే మాట మారుతుంది. మంత్రాలయం భూమి సంగతీ అంతే, నవాబు దయ. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి అప్పగించాక దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గురించి రెండు కథలు మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మఠం ఈనాము తేల్చడానికి మంత్రాలయం పోతే రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చి మాట్లాడారట. కడప జిల్లా గండిలో కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందట. ఈ కథలు చెప్పేటప్పుడు మన పెద్దల గొంతులో వినిపించే సంతోషం నాకు ఇష్టం. దొర వచ్చాడు, చూశాడు, మఠం జోలికి పోకుండా దండం పెట్టి వెళ్లాడు. కానీ కథ లోపలున్న భయం కూడా చూడాలి. దొరకు ఆ దర్శనం కాకపోయి ఉంటే? ఈనాము నిలవడానికి ఒక మహిమ కావలసి వచ్చింది. హక్కు ఉన్నచోట మహిమతో పని లేదు, కాగితం చాలు.

రాజు దయను పౌరుడి హక్కుగా మార్చిన పని 1946 నుంచి 1949 దాకా ఢిల్లీలో, రాజ్యాంగసభలో జరిగింది. అందులో ఒక రోజు నాకు చాలా ఇష్టం. 1949 అక్టోబరు 17. పీఠికను "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. మన తెలుగు సభ్యుడు ఎం. తిరుమలరావు లేచి, దేశానికి దేవుడు కావాలా వద్దా అన్నది సభలో ఓటుకు పెట్టే విషయం కాదన్నారు. దేవుడి మీద ఓటు వేసే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. కామత్ వెనక్కి తగ్గలేదు. ఓటింగు జరిగింది: అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ఓడించిన ఆ 68 మందిలో దేవుణ్ణి నమ్మేవాళ్లు బోలెడుమంది ఉంటారని వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లు కాదన్నది దేవుణ్ణి కాదు, అందరి తరఫునా దేవుడి పేరు చెప్పే అధికారాన్ని. ప్రమాణం దగ్గర మాత్రం రెండు దారులు ఉంచారు. దైవసాక్షిగా అనైనా ప్రమాణం చేయొచ్చు, దేవుడి పేరు ఎత్తకుండా మనస్సాక్షితోనైనా చేయొచ్చు. ఎమ్మెల్యేలు ప్రమాణం చేసేటప్పుడు ఈసారి ఆ ఒక్క మాట దగ్గర చెవి పెట్టి వినండి.

ఇంతకీ రాజ్యాంగం భక్తికి ఏమిచ్చింది? 25వ అధికరణం ప్రతి మనిషికీ అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చింది. తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఆ వాక్యమే "ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి" అని మొదలవుతుంది. హిందూ దేవాలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిపించే చట్టాలు చేయొచ్చని అదే అధికరణం చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. నేను దీన్ని మా జిల్లా పేరుతో గుర్తుపెట్టుకుంటాను. తిరుమలకు పోయే దారిలో దేవుడి గుమ్మం కాబట్టి ఇది దేవుని గడప, అదే కడప అయిందంటారు. గర్భగుడిలో ఏముందో రాజ్యానికి అక్కర్లేదు. ఏ మంత్రం చదవాలి, ఏ నైవేద్యం పెట్టాలి, పీరుకు చక్కెర ఏ పూట చదివించాలి, అది చెప్పడానికి రాజ్యం ఎవరు? కానీ గడప దగ్గర ఏం జరుగుతుందో దానికి కావాలి. రావాలనుకున్నవాణ్ణి ఆపుతున్నారా? రానన్నవాణ్ణి ఈడుస్తున్నారా? పోతానన్నవాణ్ణి పోనిస్తున్నారా?

ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే మన కలివిడితనంలో ఉన్న బొక్కలు బయటపడతాయి. పీర్ల పండుగకు తప్పెట కొట్టేది చాలా ఊళ్లలో దళితులే. గుండం చుట్టూ హిందూ ముస్లిం తేడా లేదంటాం, నిజమే. అదే ఊళ్లో రాములగుడి గడప తప్పెట కొట్టిన మనిషి ఎప్పుడు తొక్కాడో అడిగితే జవాబు తడబడుతుంది. ఆలయ ప్రవేశ చట్టం మద్రాసు రాష్ట్రం 1947లోనే తెచ్చింది, అప్పుడు మన జిల్లాలు అందులోవే. రెండు మతాల పెద్దలు ప్రేమగా ఉండడానికీ, రెండు మతాల్లోని చిన్నవాళ్లకు సమానత్వం దొరకడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది మనకు వారసత్వంగా వచ్చింది. రెండోది గడపగడపకూ పోయి సాధించుకోవాల్సి వచ్చింది, ఇంకా అయిపోలేదు.

గడప దాటి లోపలికి పోయినప్పుడు కోర్టులు కూడా తడబడ్డాయి. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మతానికి తప్పనిసరైన ఆచారం ఏది అన్న ప్రశ్న ఎత్తుకుంది. దాంతో న్యాయమూర్తులు పండితుల పనీ ముల్లాల పనీ నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది. ఏది అసలు మతం, ఏది కొసరు అని తేల్చడం వాళ్ల పని కాదని నేను నమ్ముతాను. 2018లో అన్ని వయసుల ఆడవాళ్లనూ శబరిమల గుడిలోకి రానివ్వాలన్న తీర్పు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా వచ్చింది. ఆ ఒక్కరూ మహిళా న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా. భక్తిలో హేతువు వెతకడం కోర్టుల పని కాదని ఆమె రాశారు. ఆ మాట వరకు నేను ఒప్పుకుంటాను, ముగింపు ఒప్పుకోను. హేతువు వెతకక్కర్లేదు, సరే. గడప దగ్గర ఎవరిని ఎందుకు ఆపుతున్నారని అడగడం మాత్రం కోర్టు పనే.

తరగతి గదిలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. కార్తీక మాసం వచ్చిందంటే మా బడుల్లో నల్లబట్టలు, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేని పిల్లలు కనిపిస్తారు. యూనిఫాం ఏదిరా అని ఏ సారూ అడగడు. మొన్నటిదాకా చెవి మెలేసిన సారే ఆ నలభై రోజులూ 'స్వామీ' అని పిలుస్తాడు. ఇది నాకు ఎంత బాగుంటుందో చెప్పలేను. ఆ పక్క బెంచీలో తలకు స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి కూర్చుంటుంది. పక్కనే ఉన్న కర్ణాటకలో ఆ స్కార్ఫు మీద 2022లో పెద్ద గొడవ అయింది. హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. మాలధారికి ఇచ్చిన సౌలభ్యాన్ని ఆ అమ్మాయికి ఇవ్వకపోవడానికి నాకు ఏ న్యాయమూ కనిపించదు. ఇద్దరికీ ఇవ్వాలి.

దీనికి దారి 1986లోనే ఒక తెలుగు న్యాయమూర్తి చూపించారు. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడేవాళ్లు కానీ పాడేవాళ్లు కాదు. తమ దేవుడికి తప్ప ఎవరికీ స్తోత్రం పాడకూడదని వాళ్ల నమ్మకం. బడి నుంచి పంపేశారు. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ పిల్లలను మళ్లీ చేర్చుకోమన్నారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని తీర్పు ముగించారు. ఆ నమ్మకం ఆయనకు సబబుగా తోచిందా లేదా అన్నది లెక్కలోకి రాలేదు. పిల్లలు నిజంగా నమ్ముతున్నారా, దానివల్ల ఎవరికైనా చెరుపు జరిగిందా, ఆయన చూసింది ఈ రెండే.

చెరుపు జరిగేచోట మాత్రం మాట మారుతుంది. విజయదశమి రాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో మాళమల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లు ఊళ్లు కర్రలతో తలపడతాయి. కాగడాల వెలుగులో తలలు పగులుతాయి. పగిలిన తలకు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. ఏటా పోలీసులు, వైద్య శిబిరాలు, అవగాహన సభలు. ఏటా దెబ్బలు. ఇవేవీ ఎందుకు పనిచేయడం లేదు? ఆ రాత్రి కర్ర పట్టడం నెరణికి, కొత్తపేట లాంటి ఊళ్లవాళ్లకు గొడవ కాదు, మొక్కు. లాఠీ మొక్కును గెలవలేదు. రాజ్యాంగం ప్రకారం ఆపే అధికారం ప్రభుత్వానికి ఉంది, ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఆపాల్సిందే. కానీ కర్ర కింద పెట్టినా స్వామి ఊరేగుతాడని చెప్పగలిగేవాళ్లు ఆ ఊళ్ల పెద్దలే, ఎస్పీ కాదు. చట్టానికి చేరువ కాని చోటుకు భక్తి పోగలదు. ప్రజాస్వామ్యానికి భక్తి అవసరం పడేది ఇలాంటి దగ్గరే.

ఓట్ల సంగతి. మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123(3) కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరెత్తి అడిగినా తప్పే అన్నారు. ముగ్గురు ఒప్పుకోలేదు. తన మతం వల్ల తనకు జరిగిన అన్యాయం గురించి ఓటరు ఎన్నికల్లో మాట్లాడకుండా ఎలా ఉంటాడన్నది ఆ ముగ్గురి బాధ. నా మనసు ముగ్గురి వైపే ఉంది. భక్తుడు రాజకీయాల్లో నోరు మూసుకోవాలనడం అన్యాయం. గుడికో దర్గాకో చర్చికో పోయే మనిషి తన నీతిని గడప బయట విప్పిపెట్టి ఓటు వేయలేడు. "మా దేవుడు చెప్పాడు కాబట్టి నువ్వూ చెయ్యి" అన్నప్పుడే తప్పు మొదలవుతుంది. అదే మనిషి, నీళ్లు లేక మా వీధి ఎండుతోంది, ఆకలిగొన్నవాడికి పెట్టడం మా ధర్మం, కాబట్టి ఈ పని చేద్దాం అంటే, దేవుణ్ణి నమ్మనివాడు కూడా విని జవాబివ్వగలడు.

సీమలో నన్ను ఎక్కువ భయపెట్టేది గుళ్లోని భక్తి కాదు. నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేసేటప్పుడు ఆ పాలు కారుతున్న బొమ్మ కింద చేతులు జోడించి నిలబడ్డ కుర్రవాళ్ల కళ్లలో కనిపించే భక్తి. 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగసభలో హెచ్చరించింది దీన్నే. మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అన్నారు. దేవుణ్ణి తప్పుపట్టనక్కర్లేదు, ఎమ్మెల్యేను తప్పుపట్టాలి. నిజంగా దేవుణ్ణి నమ్మినవాడు ఈ పని ఇంకా బాగా చేయగలగాలి. దేవుడి చోట మనిషిని కూర్చోబెట్టకూడదని అతనికి తన మతమే నేర్పి ఉంటుంది.

చివరిగా ఒక కాగితం. మా ఊరి చివర ఆ రెండిళ్లలో ఒక ఇంటి మనవడు ఇప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. మొన్న కుల ధ్రువపత్రం దరఖాస్తు పట్టుకుని మా ఇంటికొచ్చాడు, నింపిపెట్టమని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు అందులో లేరు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీ కింద పెట్టారు, రిజర్వేషను ఒక్క శాతం. మతం మారినవాళ్లకు ఎస్సీ హోదా ఇవ్వొచ్చా అన్నది పరిశీలించమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. చర్చికి పోయినంత మాత్రాన ఊరు ఆ పిల్లవాడి తాతను వేరే గ్లాసులో టీ తాగించడం మానలేదు. ఆ గ్లాసు నేను చూశాను. కాబట్టి మతం మారితే కులం పోతుందన్న లెక్క ఏ లెక్కో నాకు తెలియదు. అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యమే దానికి ధర కట్టిందని మాత్రం తెలుసు.

పిల్లవాడు మతం అన్న గడి దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఏం రాయమంటావు పెదనాయనా?" అన్నాడు. వాడి చొక్కా జేబులో చిన్న కొత్త నిబంధన పుస్తకం అట్ట కనిపిస్తోంది. నేను పెన్ను మూత తీసి, చాలాసేపు ఆ గడి దగ్గరే ఆగిపోయాను. వాడు వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చుకుని తాగి, వచ్చి మళ్లీ పక్కన కూర్చున్నాడు.